ఒత్తకూడని కాలు

చున్‌సిల్ సంచి సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. రోగి మంచం పక్కన వేసుకునే పొట్టి బల్ల మీంచి పల్చటి దుప్పటి తీసి, మోకాలితో అదిమి గాలి పోగొట్టి, గట్టిగా చుట్టింది. ప్లాస్టిక్ గ్లాసులో పళ్ళ బ్రష్షు, దాని మీద రెండు జతల మేజోళ్ళు కుక్కింది. సోయాముద్ద సీసా మూత ఒకసారి తిప్పి చూసి, మళ్ళీ బిగించి, కవరులో ముడేసి సంచి అడుగున నిలబెట్టింది. రోగుల దగ్గర కూలికి ఉండే మనిషి. పొరుగు దేశంలోని యాంజీ ఊరి నుంచి ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళూ ఆసుపత్రుల్లోనే పడుకుంది, ఆసుపత్రుల్లోనే పండగలు చేసుకుంది. ఉన్నదంతా ఆ సంచిలో పడుతుంది.

బున్నే మంచానికి కాళ్ళవైపు నిలబడి, మడిచిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడుస్తోంది. ఎవరైనా సంచి సర్దుకుంటుంటే ఆమె చూసి తట్టుకోలేదు. కానీ ఈ మనిషిని పంపించెయ్యమని పొద్దున ఏజెన్సీకి ఫోను చేసింది తనే. కాళ్ళు ఒత్తమంటే ఒత్తదు, నన్ను ఒత్తనివ్వదు, ఇలాంటి మనిషి నాకు అక్కర్లేదు అని చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు గట్టిగానే ఉంది. ఏజెన్సీవాళ్ళు శనివారానికి ఇంకొకామెని పంపిస్తామన్నారు. అందాకా బజారులో తన నూడుల్స్ దుకాణం మూసి, తనే ఇక్కడ ఉండాలి. పిల్లలు లేరు, ఇంకెవరుంటారు?

"ఈవిడ ఎక్కడికి వెళుతోంది?" అని మంచం మీంచి దూసిక్ అడిగాడు. అడగడం ఇది మూడోసారి.

"వేరే ఆసుపత్రికి పని మీద వెళుతోందండీ," అంది బున్నే, భర్త మొహం చూడకుండా.

"జుట్టు పెరిగింది. వెళ్ళేముందు ఒకసారి కూచోమను, మెడ దగ్గర సర్దుతాను."

నలభై ఏళ్ళు మంగలి దుకాణం నడిపిన మనిషి. మనుషుల పేర్లు ఇప్పుడు గుర్తుండటం లేదు గానీ, జుట్టు మాత్రం కనిపెడుతున్నాడు. పన్నెండు రోజుల కిందట ఆ దుకాణంలోనే, చేతిలో కత్తెర ఉండగా పడిపోయాడు. గుండె ఆగిపోయింది. సగం జుట్టు కత్తిరించుకున్న గిరాకీ ఒకడు అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. పక్కటెముకలు నాలుగు విరిగాయి, ప్రాణం నిలబడింది. ఆసుపత్రిలో తొడ దగ్గర సిరలోకి సన్నటి గొట్టం పోనిచ్చి, ఒక పగలూ రాత్రీ ఒళ్ళంతా చల్లబరిచారు. మెదడు పాడవకుండా ఉండాలంటే అదే దారన్నారు. ఆ రోజు అద్దాల గదిలోకి వెళ్ళి బున్నే భర్త చెయ్యి పట్టుకుంది. బజారులో మంచు మీద పరిచిన చేపని ముట్టుకున్నట్టు ఉంది. అప్పటినుంచీ ఆమెకి ఒకటే యావ. ఆ ఒంట్లోకి మళ్ళీ వెచ్చదనం రావాలి. అందుకు ఉన్నవి తన చేతులే. మంచాన పడినవాళ్ళ కాళ్ళూ చేతులూ ఒత్తడం ఇంటివాళ్ళ పని. ఎవరూ ఒత్తని రోగిని చూసి వార్డంతా జాలిపడుతుంది.

చున్‌సిల్ సంచి భుజానికి తగిలించుకుంది. బున్నే రెండు బత్తాయి పళ్ళు ఆమె చేతిలో పెట్టింది. ఏదో ఒకటి పెట్టకుండా ఎవరినీ పంపడం ఆమెకి చేతకాదు. చున్‌సిల్ ఒకటి జేబులో వేసుకుని, రెండోది దూసిక్ తలగడ పక్కన పెట్టింది.

"అక్కా," అంది మెల్లగా. "నా మీద కోపం నా మీదే పెట్టుకోండి. ఎడమ కాలు మాత్రం ఒత్తకండి. నిన్నటికి రెండు వేళ్ళ మందం లావెక్కింది. నర్సుకి చెప్పాను, స్కానింగ్ శుక్రవారం మధ్యాహ్నం రాశారు. అందాకా వదిలెయ్యండి."

"మంచిది, వెళ్ళిరామ్మా," అంది బున్నే.

ఆమె వెళ్ళాక కిటికీ పక్క మంచం రోగి భార్య మక్‌జా పుచ్చగింజలు ఒలుస్తూ అందుకుంది. అటునుంచి వచ్చేవాళ్ళందరూ ఇంతేనని, పని తప్పించుకోవడానికి సగం డాక్టర్లయిపోతారని చెప్పింది. తన భర్తకి పక్షవాతం వచ్చినప్పుడు మూడు నెలలు ఒత్తి ఒత్తి తనే లేపి కూచోబెట్టానంది. ఆ మాట వార్డులో అందరికీ కంఠతా వచ్చినదే. అయినా బున్నేకి ఆ పూట హాయిగా వినిపించింది.

సాయంత్రం గంజి తాగించి, నోరు తుడిచి, దుప్పటి పక్కకి జరిపి ఒత్తడం మొదలుపెట్టింది. బొటనవేలితో కాదు, మణికట్టు దగ్గరి అరచేతితో, నడుం బరువంతా భుజాల్లోంచి దింపుతూ, రోజూ పిండి మీద ఎలా వాలుతుందో అలాగ. దూసిక్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పటికి గుర్తొచ్చానా? ఇన్నాళ్ళూ పిండికి చేసిన మర్యాదలో సగమైనా నాకు జరగలేదు."

"పిండి ఇలా వాగదు కదా."

"ఎడమది ఇంకాస్త గట్టిగా. అది బరువుగా ఉంది."

కుడి పిక్క వేళ్ళ కింద లొంగి, వదిలితే మళ్ళీ పైకొస్తోంది. ఎడమది లొంగడం లేదు. నానని పిండిలా బిర్రుగా ఉంది. కానీ వెచ్చగా ఉంది. కుడిదానికంటే బాగా వెచ్చగా ఉంది. బున్నే రెండు అరచేతులూ దాని చుట్టూ వేసి కాసేపు అలాగే ఉండిపోయింది. చేపలా చల్లబడిన ఒంట్లోకి ప్రాణం ఇటునుంచే వస్తోందనిపించింది. కుడి కాలికి ఇచ్చినదానికి రెండింతలు ఎడమ కాలికి ఇచ్చింది, చీలమండ నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి తొడ దాకా, పైకి, పైకి. మక్‌జా చూసి, భార్య చేతికీ కూలి చేతికీ తేడా ఉండదూ మరి అంది. బున్నే నవ్వింది. ఈ పన్నెండు రోజుల్లో నవ్వడం అదే మొదలు.

గురువారం పొద్దున లేవగానే ఇంకోసారి ఒత్తింది. తరవాత వేడినీళ్ళు తెచ్చి, ఒళ్ళు తుడవడానికి మేజోళ్ళు విప్పింది. కుడి కాలి మీద మేజోటి గీత సన్నగా ఉంది. ఎడమ కాలి మీద అది గాడిలా దిగి ఉంది. దాని పైన చర్మం నూనె రాసినట్టు మెరుస్తోంది, లోపలినుంచి ఊదారంగు తేలుతోంది. వేలితో నొక్కి తీస్తే గుంట పడి, అలాగే ఉండిపోయింది.

తువ్వాలు పిండి మంచం కమ్మీ మీద ఆరేయబోతే అక్కడ గుడ్డ పేలిక ఒకటి కట్టి ఉంది. గాజుగుడ్డ చుట్టలోంచి చింపినది. దాని మీద నీలం పెన్నుతో మూడు గీతలు, ఒక్కోదాని పక్కన ఆది, సోమ, మంగళ అని చిన్న అక్షరాలు. బున్నేకి అర్థమయింది. చున్‌సిల్ రోజూ మోకాలి కింద నాలుగు వేళ్ళు వదిలి ఈ పేలిక చుట్టి కొలిచేది. అప్పుడది చూసి, పనీపాటా లేక ఆటలాడుతోంది అనుకుంది తను.

ముడి విప్పింది. నాలుగు వేళ్ళు వదిలి ఎడమ పిక్క చుట్టూ తిప్పింది. మంగళవారం గీత దాటి కాలు ఇంకా మిగిలిపోయింది. తన బొటనవేలు అడ్డం పెట్టి చూసింది. మళ్ళీ కొలిచింది. ఈసారి వదులుగా చుట్టి ఉంటాను అనుకుని గట్టిగా లాగి చుట్టింది. దూసిక్ అబ్బా అన్నాడు. లెక్క మారలేదు.

పొట్టి బల్ల మీద కూలబడింది. నిన్న సాయంత్రం ఆ పిక్క లొంగలేదని ఈ చేతులకి తెలుసు. ఏభై ఏళ్ళుగా ఏ పిండి ఎంతసేపు ఆగాలో వేళ్ళతో చెప్పగలిగిన చేతులు. తెలిసే, ఇంకా గట్టిగా ఒత్తాయి.

మంచం పక్క అరలో ఆసుపత్రి కాగితాల కవరుంది. అందులో మొదటిరోజు తను సంతకం పెట్టిన కాగితం నకలు ఉంది. అరవై ఆరో ఏట, తమ పేటలోని వార్డు ఆఫీసు మేడ మీద ముసలివాళ్ళకి పెట్టిన బడిలో అక్షరాలు నేర్చుకుంది బున్నే. నేర్చుకున్నాక మందు పొట్లాలూ, గోడమీది ప్రకటనలూ, ఉప్పు సంచి మీది రాతలూ ఏవీ వదలకుండా చదివేది. ఆ రోజు మాత్రం, ఇక్కడ సంతకం చెయ్యండమ్మా అనగానే, వేలిముద్ర కాదు, పేరు చెక్కిన ముద్ర బిళ్ళ కాదు, తన పేరు తను రాస్తోంది కదా అని ఆ అక్షరాల మీదే చూపు పెట్టింది. మూడుచోట్ల రాసింది. కాగితం మొత్తంలో ఆమె చదివింది తన పేరొక్కటే.

ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. పెద్ద మాటల దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. తొడ దగ్గర సిరలో గొట్టం ఉంచి శరీరాన్ని చల్లబరిచేటప్పుడు, దాని చుట్టూ రక్తం గడ్డకట్టవచ్చు. గొట్టం తీసేశాక కూడా ఆ గడ్డ మిగిలిపోవచ్చు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఆ వాక్యానికి రెండు వేళ్ళ కింద, ఒంకర్లు పోయి, పెద్దపెద్ద అక్షరాలతో తన పేరు ఉంది.

ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళి చున్‌సిల్‌కి చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తాక అవతల నీళ్ళ చప్పుడు, ఎవరో దగ్గడం వినిపించాయి. కొత్త రోగి దగ్గర ఉంది కాబోలు.

"చెల్లీ," అంది బున్నే. ఐదు రోజులు ఒకే మంచం పక్కన ఉన్నా ఆమెని ఎప్పుడూ అలా పిలవలేదు.

"ఒత్తారా?" అని వినిపించింది అవతలినుంచి.

"ఒత్తాను."

"ఎన్నిసార్లు?"

"నిన్న సాయంత్రం. పొద్దున్న."

చున్‌సిల్ ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. తిట్టలేదు. "సరే, ఇప్పుడు నా మాట విను అక్కా. ఆయన్ని కదపొద్దు. మంచం దిగనివ్వొద్దు. బాత్రూముకి అన్నా ఒప్పుకోవద్దు. నర్సు దగ్గరికి వెళ్ళు. అడిగి వచ్చెయ్యడం కాదు, చేసేదాకా అక్కడే నిలబడు. ఊపిరి ఆడటం లేదన్నాడంటే గట్టిగా కేకెయ్యి."

"నువ్విలాంటిది చూశావా ఇంతకుముందు?"

"చూశాను. ఇంకో ఊళ్ళో ఒకాయన."

"ఏమయింది ఆయనకి?"

"ముందు నర్సు దగ్గరికి వెళ్ళక్కా."

నర్సుల బల్ల దగ్గర ప్యో అనే అమ్మాయి కంప్యూటరులో చూసి, స్కానింగ్ రేపు మధ్యాహ్నానికి ఉందని, ఇవాళ ఖాళీ లేదని చెప్పింది. మర్యాదగానే చెప్పింది. బున్నే కదల్లేదు. ప్యో ఇద్దరితో మాట్లాడి, ఒక సెలైను మార్చి వచ్చింది. బున్నే అక్కడే ఉంది, చేతిలో గుడ్డ పేలికతో. ఇంతమందిలో మీ ఒక్కరిదే ఎలా ముందు చెయ్యమంటారమ్మా అని ప్యో మళ్ళీ మొదలుపెట్టింది. బున్నే ఆ పేలికని బల్ల మీద పరిచింది. మూడు గీతలు, వాటికి బాగా అవతల తన గోటితో నొక్కిన గుర్తు.

"నేనే ఒత్తాను తల్లీ," అంది. "వద్దని చెప్పిన మనిషిని పంపించేసి మరీ ఒత్తాను. కింది నుంచి పైకి, బలం కొద్దీ."

ప్యో మొహం మారింది. ఇంకేం అనకుండా ఫోను ఎత్తింది.

మధ్యాహ్నం రెండింటికి మంచంతో పాటే దూసిక్‌ని స్కానింగుకి తీసుకెళ్ళారు. నాలుగింటికి డాక్టర్ నమ్ వచ్చాడు. కుర్రాడు, నిద్రలేని కళ్ళు. కాగితం మీద కాలు బొమ్మ గీసి, గజ్జల నుంచి మోకాలి దాకా పెన్నుతో నల్లగా నింపాడు. గొట్టం ఉన్నచోట రక్తం నెమ్మదిస్తుందని, అక్కడ గడ్డ పేరుకుంటుందని చెప్పాడు. మామూలుగా అయితే రక్తం పల్చబడే మందు ఇచ్చేవాళ్ళట. విరిగిన పక్కటెముకల దగ్గర లోపల రక్తం కారుతోందని ఆ మందు ఆపారట. అందుకని రేపు పొద్దున మొదటి పనిగా, గుండెకి వెళ్ళే పెద్ద సిరలో చిన్న గొడుగు లాంటి వల పెడతారు. గడ్డ కదిలినా అందులో చిక్కుతుంది. అందాకా ఆ కాలు ఎవరూ ముట్టుకోకూడదు.

"నేను ఒత్తబట్టి వచ్చిందా బాబూ ఇది?"

"వచ్చింది గొట్టం వల్లనమ్మా. ఒత్తితే కదలొచ్చు." ఆ మాట అనేశాక ఆమె మొహం చూసి, "ఇప్పటిదాకా కదల్లేదు కదా," అన్నాడు.

దూసిక్ డాక్టరునే తేరిపార చూస్తున్నాడు. "నీకు జుట్టు కత్తిరించింది ఎవడయ్యా? వెనక మెట్లు కట్టాడు. మా దుకాణానికి రా."

డాక్టరు తల వెనక చెయ్యి పెట్టుకుని నవ్వాడు. వస్తానన్నాడు.

డాక్టరు వెళ్ళిన కాసేపటికి దూసిక్ కాలు ఒత్తమన్నాడు. బున్నే కుర్చీ దగ్గరికి లాక్కుని, గడ్డ సంగతీ, వల సంగతీ, రేపటి సంగతీ నెమ్మదిగా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఓహో అలాగా అన్నాడు. అయితే వద్దులే అన్నాడు. పది నిమిషాలు కిటికీ వైపు చూశాడు.

"ఏమే, కాలు లాగుతోంది. కాస్త ఒత్తు."

మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఓహో అలాగా అన్నాడు. మూడోసారికి మాటలు తగ్గించి చెప్పింది. నాలుగోసారి డాక్టరు వద్దన్నాడని మాత్రం అంది. ఏ డాక్టరు అన్నాడు ఆయన. మెట్లు కట్టిన జుట్టు డాక్టరు అంది. వాడి జుట్టే అలా ఉంటే వాడి మాట వింటావా అన్నాడు. అక్కడిదాకా నవ్వుతూనే అన్నాడు. ఆరోసారి నుంచి నవ్వడం మానేశాడు. ఆయనకి ప్రతిసారీ అదే మొదటిసారి. అడిగేది మొదటిసారి, భార్య కాదనేదీ మొదటిసారి. ఆమెకే లెక్క పెరుగుతోంది.

కుడి చెయ్యి తీసుకుని ఒత్తబోయింది. "అది కాదు," అని లాక్కున్నాడు.

మక్‌జా ఇవతలికి తిరిగి పడుకుని అంతా చూస్తోంది. ఒకావిణ్ణి ఒత్తలేదని పంపించేసి, తీరా తనూ ఒత్తదేమిటి, ఎంత బతిమాలించుకుంటుందో పాపం ఆయన చేత, అని పక్క మంచానికి వినిపించేలా అంది. నిన్న తను ఏజెన్సీకి ఫోనులో అన్న మాటలూ దాదాపు ఇవే. బున్నే జవాబు చెప్పలేదు. చున్‌సిల్ కూడా చెప్పలేదు కదా అని అప్పుడు తోచింది. ఐదు రోజులు ఇదే కుర్చీలో కూచుని, ఇవే మాటలు పడుతూ, ఆ పేలిక మీద గీతలు పెట్టుకుంది.

వార్డులో దీపాలు తగ్గించే వేళకి దూసిక్ చెయ్యి చాచి ఆమె స్వెట్టరు అంచు పట్టుకున్నాడు.

"నేను నీకేం చేశాను?" అన్నాడు.

"ఏం చెయ్యలేదండీ."

"పొద్దస్తమానం నిలబడి నిలబడి వచ్చేవాణ్ణి. నువ్వు ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడు నన్ను ముట్టుకోవడానికి అసహ్యమా?"

బున్నే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూచుంది. చెప్పాల్సిందంతా మళ్ళీ మొదటినుంచి చెప్పింది, ఒక్క మాట తగ్గించకుండా. అది పదకొండోసారి. ఆయన ఊపిరి లెక్కపెడుతూ తెల్లవారేదాకా ఆ కుర్చీలోనే ఉంది. ఎడమ కాలు దుప్పటి కింద ఎత్తుగా కనిపిస్తూనే ఉంది. ఒకసారి దుప్పటి జారితే, వేలి కొసలతో అంచు పట్టుకుని, కాలికి తగలకుండా పైకి లాగింది.

శుక్రవారం ఎనిమిదింటికి మంచం తీసుకెళ్ళడానికి ఇద్దరు వచ్చారు. చక్రాల గొళ్ళాలు తీసి, గడప దగ్గర కుదుపు లేకుండా ముందు చక్రాలు ఎత్తి దాటించారు. మెల్లగా బాబూ, ఎడమ పక్క మెల్లగా అంటూ బున్నే వెంట నడిచింది. వాళ్ళు నెమ్మదిగానే తోస్తున్నారు. లిఫ్టు దగ్గర ఆగారు. ఇక్కడినుంచి రోగి ఒక్కరేనమ్మా అన్నారు.

దూసిక్ తల తిప్పి భార్యని చూశాడు. నిన్నటి కోపం ఆ మొహంలో లేదు. ఆయనకి నిన్న లేదు.

"ఎక్కడికి తీసుకెళుతున్నారు నన్ను?"

"చిన్న పనండీ. అరగంటలో అయిపోతుంది."

"కాలు బరువుగా ఉందే. కాస్త ఒత్తకూడదూ?"

కారణాలన్నీ నోటిదాకా వచ్చాయి. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఇన్ని గంటల్లో మొదటిసారి ఆమె కాదనలేదు.

"వచ్చాక ఒత్తుతాను."

"ఎడమది ముందు."

"ఎడమదే ముందు."

ఆయన తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. మంచం లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. బున్నే లిఫ్టు పైన మారుతున్న అంకెలు చదివింది, మూడు, రెండు, ఒకటి.

కింది అంతస్తులో, వల పెట్టే గది బయట వంతు కోసం ఆగినప్పుడు దూసిక్ ఊపిరి ఆడటం లేదన్నాడు. గంటసేపు ప్రయత్నించారు. ఆయన పైకి తిరిగి రాలేదు. అది నవంబరు పదహారు, శుక్రవారం, పొద్దున తొమ్మిదీ ఇరవై.